గురజాడ ఇంటికి వెళ్లేముందు

తమ్ముడూ,

విజయనగరంలో గురజాడ ఇల్లు చూసి వ్యాసం రాయబోతున్నానని రాశావు. సంతోషం. వెళ్లేముందు ‘కన్యాశుల్కం’ మరోసారి చదువు. చేతిలో ఉన్నది ఏ ప్రతో చూసుకో. 1892లో మొదటిసారి ఆడి 1897లో అచ్చయిన నాటకం వేరు. ఆయనే దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో తెచ్చింది వేరు. మనం చదివేది ఎక్కువగా ఈ రెండోదే. ఒక్క రచనను పదిహేడేళ్లు పట్టుకు వేళ్లాడిన మనిషి ఇల్లది. ఆ సంగతి తెలిసి గడప దాటితే చూపు మారుతుంది.

సెప్టెంబర్ 21 జయంతి, నవంబర్ 30 వర్ధంతి. ఆ రెండు రోజులూ వద్దు, దండలూ ఉపన్యాసాలే తప్ప గదులు కనబడవు. మామూలు రోజు చూసుకుని, తలుపులు తీసే వేళ ముందురోజే కనుక్కో. చేతిలో రెండు గంటలు ఉంచుకో.

మొదటి ఇరవై నిమిషాలు నోటుబుక్కూ ఫోనూ తీయకు. కిటికీలు ఎటున్నాయి, వెలుగు ఎక్కడ పడుతోంది, వీధి చప్పుడు లోపలికి ఎంత వినిపిస్తోంది, ఇవి చూడు. తర్వాత ఒక్క వస్తువే ఎంచుకుని పెన్సిలుతో పది వాక్యాలు రాయి. ఎన్ని జానలుందో కొలవాలనిపిస్తే దూరం నుంచే అంచనా వెయ్యి, ముట్టుకోకు. పక్కనున్న చీటీని పొల్లుపోకుండా ఎత్తి రాసుకో. ఆ వస్తువు ఆయన వాడిందా, ఆ కాలానిదా, తర్వాత ఎవరో ఇచ్చిందా? చీటీలో లేకపోతే అక్కడున్నవారిని అడుగు. ఇది అడగనివాళ్లే ‘ఈ కుర్చీలోనే గిరీశం పుట్టాడు’ అని రాసేస్తారు. అద్దం వెనకున్న కాగితానికి సూటిగా ఎదురు నిలబడి ఫొటో తీస్తే నీ నీడే పడుతుంది. ఓ పక్కకు జరిగి, ఫ్లాష్ ఆపి తియ్యి. చీటీ కూడా అదే ఫొటోలో రావాలి.

అక్కడితో వెనక్కి తిరగకు. చాలామంది పొరపాటు అదే. కోట వైపు నడిచి బొంకులదిబ్బ దగ్గర ఆగు. నాటకంలో తెర లేచేది అక్కడే. ఓ టీకొట్టు దగ్గర కూర్చుని చుట్టూ ఉన్నవాళ్ల మాట విను. ఐదు వాక్యాలు, యాస దిద్దకుండా, విన్నవి విన్నట్టే రాసుకో. గ్రాంథికమే రాయాలన్నవాళ్లతో విభేదిస్తూ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ ఇచ్చిన అసమ్మతి పత్రం ఇలాంటి వాడుక మాట కోసమే.

ఆ రాత్రి పడుకోకముందే అన్నీ శుభ్రంగా ఎత్తి రాయి. తెల్లారేసరికి కొలతలు నిలుస్తాయి గానీ మాట తీరు చెదిరిపోతుంది. వ్యాసం తర్వాత చూద్దాం, ముందు ఆ నోట్సు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య