పార్క్ చేసిన కారు రాత్రంతా ఏం చేస్తోంది?

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ కారులో 60 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉంది. 82 శాతం చార్జింగ్‌తో పార్క్ చేసి ఊరెళ్లాను. ఐదు రోజులకు తిరిగొస్తే 37 శాతమే కనిపించింది. ఒక్క కిలోమీటరు కూడా నడపలేదు. రోజూ యాప్‌లో చూస్తూనే ఉన్నాను, తగ్గుతూనే ఉంది. బ్యాటరీ పాడైనట్టేనా?

ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. శాతాలు మారతాయి గానీ ‘రోజూ యాప్‌లో చూస్తూనే ఉన్నాను’ అన్న ముక్క మాత్రం మారదు. సగం జవాబు అందులోనే ఉంది.

బ్యాటరీకేం కాలేదు. మీకు పోయిన 45 శాతం అంటే 27 యూనిట్లు (కిలోవాట్ అవర్లు). 120 గంటలకు పంచితే సగటున 225 వాట్లు. లిథియం సెల్స్ వాటంతటవి పోగొట్టుకునేది నెలకు కొద్ది శాతమే. ఇంత పోయిందంటే కారులో ఏదో ఒకటి రాత్రింబవళ్లు నడిచిందన్నమాట. నా అనుమానం, పార్కింగ్‌లో చుట్టూ కెమెరాలతో కాపలా కాసే ఫీచర్ మీద. అది ఆన్‌లో ఉంటే కారు ప్రధాన కంప్యూటర్ కన్ను మూయదు. 200 నుంచి 300 వాట్లు తాగడం దానికి మామూలే. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ‘అంతా బాగానే ఉంది’ అంటారు. నిజంగానే బాగుంది కాబట్టి వాళ్లను తప్పు పట్టలేం. రెండో ముద్దాయి, ఎండలో క్యాబిన్ వేడెక్కకుండా తనంతట తానే ఏసీ వేసే సెట్టింగ్. మూడో ముద్దాయి మీరే.

కారు నిద్రపోయినప్పుడు పెద్ద బ్యాటరీని కారుకు కలిపే కాంటాక్టర్లు, అంటే పెద్ద స్విచ్‌లు, విడిపోతాయి. డోర్ లాకులు, కారును ఇంటర్నెట్‌కు కలిపే మోడెమ్ లాంటివి చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీద కాలక్షేపం చేస్తాయి. ఓసారి ఓ స్నేహితుడి కారు పక్కన నిలబడి, అతణ్ని ఇంట్లోంచి యాప్ తెరవమన్నాను. అయిదారు సెకన్లకు సీటు కిందినుంచి ‘టక్’మని శబ్దం. ఆ వెనకే కూలింగ్ పంపు సన్నగా మూలగడం మొదలెట్టింది. కాంటాక్టర్లు కలిశాయి, కంప్యూటర్లు లేచాయి. చార్జింగ్ ఎంతుందో చూసుకుని అతను యాప్ మూసేశాడు. కారు మాత్రం ఇరవై నిమిషాలైనా పడుకోలేదు. నిద్రపోతున్నావా అని తట్టి లేపి అడిగినట్టుంది మన వ్యవహారం. ఫోన్ హోమ్ స్క్రీన్ మీద చార్జింగ్ శాతం చూపే విడ్జెట్ ఉంటే, మీరు ముట్టుకోకపోయినా అదే తడుతూ ఉండొచ్చు.

ఇందులో తప్పంతా వాడేవాళ్లదని అనను. చివరిసారి చూసిన అంకె, పక్కన ఏ సమయానిదో చూపించి, కొత్తది కావాలంటేనే కారును లేపే యాప్‌లూ ఉన్నాయి. చూపు పడితే చాలు లేపేసే యాప్ రాసినవాడు తన కారును వారం రోజులు ఎక్కడా వదిలిపెట్టి ఉండడు. ఇక అప్‌డేట్ తర్వాత మనం ఆఫ్ చేసిన సెట్టింగ్‌ను మళ్లీ ఆన్ చేసి పెట్టే ధోరణి ఉంది చూశారూ, దానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు. అప్‌డేట్ పడిన ప్రతిసారీ కాపలా కెమెరా, క్యాబిన్ ఏసీ, షెడ్యూల్ చేసిన ప్రీకండిషనింగ్ (బయల్దేరే ముందే క్యాబిన్‌ను, బ్యాటరీని సిద్ధం చేయడం), ఈ మూడూ తెరిచి చూసుకోండి. కాపలాను ఇంటి దగ్గర పనిచేయకుండా పెట్టే వీలు కొన్ని కార్లలో ఉంది. తాళం కారుకు దగ్గర్లో పెట్టినా కొన్ని కార్లు పూర్తిగా పడుకోవు. ఇవన్నీ సరిచేసి, రెండు రోజులు యాప్ ముట్టుకోకుండా ఉండి, అప్పుడు చూడండి. రోజుకు ఒక శాతమో, అంతకన్నా తక్కువో తగ్గితే సరే.

అయితే నా అసలు భయం చార్జింగ్ గురించి కాదు. కారును దూరం నుంచి మీరు లేపగలిగితే, మీ లాగిన్ దొరికినవాడెవడైనా లేపగలడు. 2016లో ఆస్ట్రేలియా భద్రతా పరిశోధకుడు ట్రాయ్ హంట్ ఒక ఎలక్ట్రిక్ కారు యాప్ సంగతి బయటపెట్టాడు. దాని సర్వర్ పాస్‌వర్డే అడిగేది కాదు. కారు గుర్తింపు నంబరు ఉంటే చాలు, ఇంకో ఖండంలో ఉన్న కారులో ఏసీ వేయొచ్చు, ప్రయాణాల వివరాలు చూడొచ్చు. ఆ నంబరేమో ముందు అద్దం కింద దారినపోయేవాడికి కూడా కనిపిస్తుంది!

2022 జనవరి ఉదంతం ఇంకా దారుణం. జర్మనీకి చెందిన 19 ఏళ్ల కుర్రాడు 13 దేశాల్లోని పాతికకు పైగా కార్ల తలుపులు దూరం నుంచి తెరవగలిగే స్థితికి చేరాడు. లోపం కార్లలో లేదు. చార్జింగ్, ప్రయాణాల అంకెలు గీతల్లో చూసుకోవాలని యజమానులే నడుపుకుంటున్న బయటి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దాన్ని ఇంటర్నెట్‌కు బార్లా తెరిచి వదిలేశారు. అందులో దాచిన టోకెన్లు, అంటే పాస్‌వర్డ్ లేకుండానే కారుకు ఆజ్ఞలిచ్చే డిజిటల్ తాళాలు, అతనికి దొరికాయి.

‘బ్యాటరీ ఆరోగ్యం చూపిస్తాం, లాగిన్ ఇవ్వండి’ అనే యాప్‌లకు మీలో ఎంతమంది లాగిన్ ఇచ్చి మర్చిపోయారో! ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేస్తే టోకెన్ పోదు. పాస్‌వర్డ్ మారిస్తే పోతుందన్న భరోసా కూడా పెట్టుకోవద్దు. కారు ఖాతాలోకి వెళ్లి, అనుమతి ఇచ్చిన యాప్‌ల జాబితాలోంచి దాని పేరు తొలగించండి. కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారా? పాత యజమాని ఖాతా ఇంకా అతుక్కుని ఉందేమో ముందు అది చూడండి. ఉంటే, మీ కారు ఏ రాత్రి ఎక్కడ ఆగిందో ఆయనకూ తెలుస్తుంది.

ప్రశ్న: అయితే కారులో మొబైల్ డేటా మొత్తం ఆపేస్తే పోదా?

పోదు. నిద్రలో ఉన్న మోడెమ్ తాగేది చాలా కొద్దిగానే. ఆపేస్తే భద్రతా అప్‌డేట్లు రావు, ప్రమాదంలో అత్యవసర కాల్ వెళ్లకపోవచ్చు. సిగ్నల్ అందని సెల్లార్‌లో వారాల తరబడి వదిలేస్తుంటే మాత్రం ఆలోచించండి, నెట్‌వర్క్ కోసం వెతుకుతూ మోడెమ్ ఎక్కువ కరెంటు తాగుతుంది.

ప్రశ్న: డాష్‌క్యామ్ పెట్టించిన నెలకు కారు తలుపే తెరుచుకోలేదు. పెద్ద బ్యాటరీలో 70 శాతం ఉందట. ఇదేం విడ్డూరం?

విడ్డూరమేం లేదు, చచ్చింది 12 వోల్టుల బ్యాటరీ. డాష్‌క్యామ్ తాగింది దాన్నే అయ్యుంటుంది. కాంటాక్టర్లను కలపాల్సింది అదే. అది పోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా తాళం వేసిన ధాన్యపు కొట్టే. డాష్‌క్యామ్‌కు వోల్టేజీ తగ్గగానే ఆగిపోయే కటాఫ్ ఉన్న వైరింగ్ కిట్ పెట్టించండి. మెకానిక్‌లు కారును పరీక్షించే ఓబీడీ పోర్టులో డాంగిల్ (గుచ్చిపెట్టే చిన్న పరికరం) ఏదైనా వేలాడుతుంటే పీకేయండి. అది కరెంటు తాగుతుంది, కొన్నయితే కారు లోపలి నెట్‌వర్క్‌కు దొడ్డిదారి కూడా. అన్నట్టు, చాలా కార్ల రిమోట్‌లోనే మామూలు ఇనప తాళం ఒకటి ఇమిడి ఉంటుంది. అది దూరే రంధ్రం ఎక్కడుందో పగటిపూట ఒకసారి వెతికి పెట్టుకోండి. చాలా కార్లలో డోర్ హ్యాండిల్ మీద చిన్న ప్లాస్టిక్ మూత కింద దాక్కుని ఉంటుంది.