పారేసే ముందు ఒక్కమాట

ప్రశ్న: ఖాళీ గాజు సీసాలు పారేయబుద్ధి కాదు. కడిగి దాస్తూనే ఉన్నాను, అల్మారా నిండిపోయింది. ఇది ఇల్లా, పాత సామాన్ల కొట్టా అని మావారు గొణుగుతున్నారు. పైగా లేబుల్ జిగురు ఎంత తోమినా వదలడం లేదు.

జవాబు: మీవారి గొణుగుడులో సగం న్యాయం ఉందండీ. ఎప్పుడో పనికొస్తుందని దాచింది అల్మారాలో ఉన్నా చెత్తే. సీసాని చేతిలో పట్టుకుని దీంతో ఏం చేద్దామా అని ఆలోచిస్తూ కూర్చుంటే చివరికి దానికి రంగులేసి, లేసు చుట్టి షోకేసులో పెడతాం, రెండు నెలలకి దుమ్ము పట్టి అదీ చెత్తబుట్టలోకే పోతుంది. అందుకని తిరగేసి ఆలోచించండి. ఇంట్లో దేనికోసం రోజూ వెతుక్కుంటున్నారు? గుండీలా, సూదులా, మేకులూ స్క్రూలూ కలిసిపోతున్నాయా? దానికి సరిపడే సీసా తీసుకోండి. అలా పని దొరికిన వాటినే ఉంచుకుని, మిగతావి గాజు తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి. గాజుని ఎన్నిసార్లు కరిగించి పోసినా నాణ్యత తగ్గదు, బాధపడక్కర్లేదు.

ఇక జిగురు సంగతి. గోరువెచ్చటి నీళ్లలో నానబెడితే కాగితం ఊడొస్తుంది కానీ కింద మిగిలే జిగురు చాలావరకు నీళ్లకి లొంగేది కాదు, నూనెకి లొంగుతుంది. వంటసోడా, ఏదో ఒక వంటనూనె సమానంగా కలిపి ముద్దలా పట్టించి, అరగంట వదిలేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మూతకి వాసన పడితే మాత్రం అది లోపలి మెత్తటి పొరలోకి ఇంకిపోయినట్టే. రెండు రోజులు ఎండలో వెల్లకిలా పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే ఆ సీసా మేకులకి. ఇంకోటి, చల్లటి సీసాలో మరిగే నీళ్లు ఒక్కసారిగా పోయకండి. లోపలి వైపు వ్యాకోచిస్తుంది, బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ లాగుడుకి పగులుతుంది.

ప్రశ్న: సీసాకి దారం చుట్టి, వెలిగించి, నీళ్లలో ముంచితే రెండు ముక్కలవుతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. చేయవచ్చా?

జవాబు: వద్దు. మంట, పగిలే గాజు, కోసుకునే అంచు మూడూ ఒకేచోట. వీడియోలో సాఫీగా తెగిన సీసానే చూపిస్తారు, దానికి ముందు పగిలినవి చూపించరు.

ప్రశ్న: ఇంట్లో పాత టీషర్టులు మూటలు మూటలుగా ఉన్నాయి. మసిగుడ్డలు ఎన్నని చేసుకుంటాం?

జవాబు: తాడు చేసుకోండి. ఈ శీర్షికలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన జవాబు ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి. ముందు లోపలి లేబుల్ చూడండి, కాటన్ అయితేనే ఇది బాగా వస్తుంది. టీషర్టుని బల్ల మీద పరిచి, కింది కుట్టు కత్తిరించి తీసేయండి. చంకల దగ్గర అడ్డంగా కోస్తే ఒక గొట్టంలాంటి గుడ్డ మిగులుతుంది. దాన్ని పక్కకి మడిచి, ఎడమ అంచుని కుడి అంచు దాకా పూర్తిగా తీసుకురాకుండా రెండు అంగుళాలు వదలండి. ఇప్పుడు మడత వైపు నుంచి అంగుళం వెడల్పున పట్టీలు కోస్తూ పోండి, ఆ వదిలిన భాగం మాత్రం కోయొద్దు. చివర్లో దాన్ని విప్పి పరిస్తే నిచ్చెన మెట్లలా కనిపిస్తుంది. అక్కడ ఒక పక్క మొదటి కోతనీ అవతలి పక్క రెండో కోతనీ కలుపుతూ ఏటవాలుగా కోసుకుంటూ వెళ్తే మొత్తం ఒకటే పొడుగాటి పట్టీ అవుతుంది. దాన్ని జానెడు జానెడు పట్టి గట్టిగా లాగండి, అంచులు లోపలికి చుట్టుకుని గుండ్రటి తాడైపోతుంది. అదేం మాయ కాదు, అల్లికగుడ్డ స్వభావమే అంత. రబ్బరు బొమ్మ ముద్రించిన చోట మాత్రం సరిగ్గా చుట్టుకోదు.

మూడు తాళ్లు జడ అల్లి, చుట్ట చుడుతూ సూదీదారంతో కుట్టుకుంటూ పోతే కాళ్లు తుడుచుకునే పట్టా తయారు. మొక్కలని కర్రకి కట్టడానికి కూడా ఈ తాడే మేలు, సాగుతుంది కాబట్టి కాండాన్ని కోయదు. చేతులూ మెడా ఉన్న పైముక్క మిగిలింది కదా, మసిగుడ్డకి అది చాలు.

ప్రశ్న: ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లని మళ్లీ వాడొచ్చా? మొక్కలు పెంచుదామని కూడా ఉంది.

జవాబు: అడుగున త్రికోణంలో 1 అని ఉంటే అది పెట్ ప్లాస్టిక్. సుమారు 70 డిగ్రీల నుంచి మెత్తబడుతుంది, అందుకే వేడినీళ్లు పోస్తే వంకరపోతుంది. అంటే దాన్ని మరిగే నీళ్లతో శుభ్రం చేయలేరు, ఆ సన్నటి మూతిలోకి బ్రష్షూ దూరదు. తాగడానికి పదేపదే వాడకుండా మొక్కలకే ఇవ్వండి. రెండు లీటర్ల బాటిల్‌ని మధ్యకి కోసి, మూతకి చిల్లు పెట్టి, పైన చెప్పిన టీషర్టు పట్టీనే తడిపి అందులోంచి దూర్చండి. పైముక్కని తలకిందులుగా కింది ముక్కలో కూర్చోబెట్టి, పైన మట్టి, కింద నీళ్లు. పట్టీ నీళ్లని పైకి పీల్చి మట్టికి అందిస్తుంది, నాలుగు రోజులు ఊరెళ్లినా టెన్షన్ ఉండదు. కింది భాగానికి వెలుతురు తగిలితే పాచి పడుతుంది, పాత సాక్సు తొడిగేయండి. ఎండకి ప్లాస్టిక్ పెళుసు అవుతుంది, ముక్కలై మట్టిలో కలిసేలోపే మార్చేయండి.

ఫినాయిల్, యాసిడ్, పురుగుమందు సీసాలు మాత్రం ఎంత కడిగినా సరే, దేనికీ వద్దు.

ప్రశ్న: స్కూల్లో మా పాపని పనికిరాని వస్తువులతో బొమ్మ చేయమన్నారు. దానికోసం థర్మోకోల్, గ్లిట్టర్, జిగురు గన్ను కొనుక్కొచ్చాం. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: మీకే నవ్వొచ్చినట్టుంది! పికాసో 1942లో పాత సైకిల్ సీటుకి హ్యాండిల్ తగిలించి ఎద్దు తల చేశాడు, రెండే రెండు వస్తువులు. మీ పాపకి ఒక అట్టపెట్టె, కత్తెర ఇవ్వండి. అట్ట మందం ఎంతో అంత వెడల్పు గాడి రెండు ముక్కల్లోనూ సగం దాకా కోసి ఒకదాంట్లో ఒకటి దూరిస్తే జిగురు లేకుండానే నిలబడుతుంది. అట్ట లోపలి ముడతల గీతలు నిలువుగా ఉండేలా కోస్తే బరువూ మోస్తుంది. కొన్న సామాను వాపసు తీసుకుంటారేమో కనుక్కోండి.

ప్రశ్న: కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే చిన్న చిన్న గింజల పొట్లాలు దేనికైనా పనికొస్తాయా?

జవాబు: అవి సిలికా జెల్, గాలిలో తేమ పీల్చుకుంటాయి. కెమెరా సంచీ, సర్టిఫికెట్ల డబ్బా, పనిముట్ల పెట్టె లాంటి గట్టిగా మూతపడే వాటిలోనే వేయండి. తీసి మూసే అల్మారాలో వేస్తే గదిలో తేమంతా తాగి తొందరగానే నిండిపోతాయి. గింజలు నీలం రంగులో ఉంటే కోబాల్ట్ క్లోరైడ్ కలిపినవై ఉండొచ్చు, అది విషం. వాటిని విప్పకుండా, పిల్లల చేతికి అందకుండా పారేయండి.