పక్క గదిలో టీవీ

చిరంజీవికి,

నువ్వు పంపిన 'చరిత్రలో ఈ రోజు' వ్యాసాలు మూడూ చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. కానీ మూడూ ఒకేలా మొదలయ్యాయి: ఫలానా ఆయన పుట్టి ఇన్నేళ్లు, ఫలానా యుద్ధం ముగిసి ఇన్నేళ్లు. ఆ లెక్క వేళ్ల మీద ఎవరైనా వేసుకుంటారు. దానికి నువ్వెందుకు?

ముందు తారీఖుల సంగతి. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1616 ఏప్రిల్ 23న, ఒకే రోజు కన్నుమూశారని రాశావు. నీ వయసులో నేనూ అదే రాశాను. అచ్చయ్యాక ఓ పాఠకుడు కార్డు ముక్క మీద నాలుగు లైన్లు రాసి నా గాలి తీసేశాడు. అప్పటికే స్పెయిన్ ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారిపోయింది, ఇంగ్లండ్ పాత జూలియన్‌నే పట్టుకుని ఉంది. మధ్యలో పది రోజుల తేడా. స్పెయిన్ లెక్కన షేక్‌స్పియర్ పోయింది మే 3న. పైగా సెర్వాంటెస్ 22నే పోయాడని, 23 ఖననం చేసిన రోజని పండితులు అంటారు. యునెస్కో 1995లో ఆ తేదీని పుస్తక దినోత్సవంగా ప్రకటించింది, సంతోషం. నువ్వు మాత్రం 'ఒకే రోజు' అనేది కొట్టెయ్.

రష్యా వాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త, వాళ్లు విప్లవం దాకా ఆ పాత క్యాలెండర్‌నే వాడారు. అక్టోబర్ విప్లవం వార్షికోత్సవం నవంబర్ 7న వస్తుంది. టాల్‌స్టాయ్ పుట్టినరోజు ఒకచోట ఆగస్టు 28, ఇంకోచోట సెప్టెంబర్ 9. రెండూ సరైనవే, ఏ క్యాలెండరో చెబితే చాలు.

ఇక మూడో వ్యాసం. 1963 నవంబర్ 22న కెనడీ హత్య, అదే రోజు ఇంగ్లీషు రచయితలు ఆల్డస్ హక్స్‌లీ, సి.ఎస్. లూయిస్ మరణం. మూడు చావుల్నీ ఒక్క వాక్యంలో కుక్కేశావు, క్విజ్ ప్రశ్నలాగా. నాకు కోపం వచ్చింది ఇక్కడే. కొంచెం తవ్వితే ఎంత ఉందో చూడు. ఆక్స్‌ఫర్డ్‌లో లూయిస్ ప్రాణం పోయింది డల్లాస్‌లో తుపాకీ పేలడానికి సుమారు గంట ముందు. కెనడీ వార్త ఆయనకు తెలియనే తెలియదు. లాస్ ఏంజెలెస్‌లో హక్స్‌లీ మంచం మీద ఆఖరి గంటల్లో ఉన్నాడు. భార్య లారా మందు కోసం పక్క గదిలోకి వెళ్తే, అక్కడ టీవీ నడుస్తోంది. డాక్టరూ మిగతావాళ్లూ కళ్లప్పగించి కెనడీ వార్తే చూస్తున్నారు. ఆ సంగతి ఆమే తర్వాత రాసింది. మర్నాడు పేపర్లలో ఈ రచయితలకి చోటెక్కడిది?

రచయిత కాఫ్కా డైరీ కూడా వెతికి చూడు. 1914 ఆగస్టు 2న జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించిందని ఒక ముక్క, మధ్యాహ్నం ఈతకి వెళ్లానని ఇంకో ముక్క. అంతే! అది మొదటి ప్రపంచ యుద్ధమని ఆయనకెలా తెలుస్తుంది? తెలిసింది మనకి. వార్షికోత్సవ వ్యాసంలో చాలామంది ఈ తేడానే మర్చిపోతారు, ఆనాటి మనుషులకి ముందే అంతా తెలిసినట్టు రాస్తారు.

మొదటి రెండూ దిద్ది పంపు. మూడోది చింపేసి, ఆ పక్క గదిలో టీవీ దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. టెన్షన్ పడకు, నవంబర్‌కి ఇంకా టైముంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు