నాకిష్టమైన సినిమాను ఆయన తీసిపారేశారు... కలిసి చూడటం మానేయాలా?

ప్రశ్న: మాకు పెళ్లై నాలుగేళ్లు. ఇద్దరికీ సినిమాలంటే ప్రాణం. ప్రతి శనివారం రాత్రి కలిసి చూస్తాం. ఆయనవి థ్రిల్లర్లు, యుద్ధం సినిమాలు. నావి ప్రేమకథలు, కుటుంబ కథలు. కాలేజీ రోజుల్లో పదిసార్లు చూసిన సినిమా ఒకటి ఈ మధ్య ఎంతో ఇష్టంగా ఆయనకు చూపించాను. మధ్యలో ఫోన్ చూసుకున్నారు. అయిపోగానే, ‘ఇందులో ఏముందని అంత ఇష్టం? లాజిక్కే లేదు’ అన్నారు. నేనూ ఊరుకోలేదు. ఆయన అభిమానించే దర్శకుణ్ణి పట్టుకుని నోటికొచ్చినట్టు అనేశాను. మూడు రోజులు మాటల్లేవు. సినిమా కోసం ఇంత గొడవేంటని సిగ్గుగా ఉంది. కలిసి చూడటం మానేస్తే నయమా?

జవాబు: సిగ్గుపడకండి. పదిసార్లు చూసిన సినిమాలో కథ ఒక్కటే ఉండదు. అప్పటి మీ వయసు, పక్కన కూర్చున్న స్నేహితులు, మీరు కన్న కలలు అన్నీ దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. పెళ్లికి ముందున్న మిమ్మల్ని మీవారికి పరిచయం చేయాలనుకున్నారు. ఆయనకు కనిపించింది మాత్రం రెండున్నర గంటల సినిమా. లాజిక్ లేదని ఆయన అన్నది తెర మీది కథను, మీకు తగిలింది ఇంకెక్కడో.

అయితే చూపించే పద్ధతిలోనూ ఒక చిక్కుంది. ఇష్టమైన సినిమా పెట్టినప్పుడు చాలామంది తెర వదిలేసి పక్కనున్నవాళ్ల ముఖం చూస్తుంటారు. ‘ఇప్పుడు చూడండి, ఈ సీన్ చూడండి’ అంటుంటారు. నవ్వాల్సిన చోట నవ్వారా, ఏడవాల్సిన చోట కళ్లు చెమర్చాయా అని కనిపెడుతుంటే అవతలి మనిషికి పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది. ఆ ఇబ్బందిలోనూ చెయ్యి ఫోన్ మీదకు పోతుంది. ‘ఇంతకంటే గొప్ప సినిమా లేదు’ అని ముందే చెప్పడం కూడా చేటే. దానికి తగ్గట్టు ఏ సినిమా ఉంటుంది? ఈసారి మొదలుపెట్టే ముందు రెండే మాటలు చెప్పండి: ‘ఇది నాకెందుకు ఇష్టమో అయ్యాక చెబుతాను. మీకు నచ్చకపోయినా ఫర్వాలేదు, పూర్తిగా మాత్రం చూడండి.’ ఫోన్లు రెండూ వేరే గదిలో పెట్టేయండి.

అసలు గొడవ ముదిరేది సినిమా అయిపోయిన మొదటి పది నిమిషాల్లో. లైటు వేయగానే ‘ఎలా ఉంది?’ అని అడుగుతాం. దానికి బాగుంది, బాలేదు అనే రెండు జవాబులే ఉంటాయి. ఒకసారి తీర్పు చెప్పాక దాన్ని సమర్థించుకోవడమే పని అవుతుంది. బదులుగా ‘ఏ సీన్ మనసులో ఉండిపోయింది?’, ‘ఎవరి మీద కోపం వచ్చింది?’, ‘ఆ పరిస్థితిలో మీరైతే ఏం చేసేవారు?’ అని అడిగి చూడండి. సినిమా నచ్చనివాళ్లకు కూడా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. నచ్చలేదని చెప్పకూడదని కాదు, చెప్పే తీరు మారాలి. ‘చెత్త సినిమా’ అంటే తర్వాతి మాట ‘నీ టేస్టే అంత’ అన్నదాకా పోతుంది. ‘సెకండాఫ్ నాకు సాగదీసినట్టు అనిపించింది’ అంటే, ‘ఎక్కడ?’ అని అడగాలనిపిస్తుంది.

మాట మొదలయ్యే తీరు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికా మనస్తత్వ పరిశోధకులు సిబిల్ కరేర్, జాన్ గాట్‌మన్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో 124 కొత్త జంటలు తమ మధ్య తగాదాల గురించి మాట్లాడుకోవడాన్ని గమనించారు. తర్వాత ఆరేళ్లలో విడిపోయినవాళ్లకూ కలిసి ఉన్నవాళ్లకూ మధ్య తేడా ఆ సంభాషణ మొదటి 3 నిమిషాల్లోనే కనిపించింది.

మాట పెరిగి గుండె దడదడలాడుతుంటే ఆపేయండి. అప్పుడు ఎంత మంచి మాటైనా చెవికెక్కదు. కనీసం 20 నిమిషాలు విడిగా ఉండండి. ఆ సమయంలో ‘ఆయన ఇలా అంటారా’ అని తలచుకుంటూ కూర్చుంటే ఒళ్లు చల్లబడదు కాబట్టి నడవండి, ఏదైనా పని చేసుకోండి. లేచి వెళ్లేముందు ‘అరగంటలో వస్తాను’ అని చెప్పి వెళ్లండి. మీ మూడు రోజుల మౌనంలో లేనిది ఈ మాటే. ఎప్పుడు ముగుస్తుందో తెలియని మౌనం అవతలివాళ్లకు శిక్షలా ఉంటుంది.

కలిసి చూడటం మాత్రం మానొద్దు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం ఒకటి 2013 చివర్లో వెలువడింది. అందులో 174 కొత్త జంటలు పాల్గొన్నాయి. కొందరికి సంసారంలో మెలగాల్సిన తీరుపై శిక్షణ ఇచ్చారు. ఇంకొందరిని మాత్రం దాంపత్యం చుట్టూ తిరిగే సినిమాలు నెలలో అయిదు చూసి, ఒక ప్రశ్నల జాబితా పెట్టుకుని మాట్లాడుకోమన్నారు. ఇవేవీ చేయని జంటల్లో మూడేళ్లలో 24 శాతం విడిపోగా, వీళ్లలో అది 11 శాతమే. సినిమాలతో సరిపెట్టుకున్న జంటలు శిక్షణ పొందినవాళ్లకు ఏమీ తీసిపోలేదు. సినిమా ఎంత గొప్పదన్నది వాళ్ల ప్రశ్నల్లో లేదు. ఆ జంట ఎలా పోట్లాడుకుంది, ఎలా క్షమించుకుంది, మనం అలాగే చేస్తామా, వేరేగానా అని మాట్లాడుకున్నారు. మీరూ చేయొచ్చు. భార్య చెప్పేది వినకుండా హీరో లేచి వెళ్లిపోయిన సీన్ మీద మీరిద్దరూ వాదించుకుంటున్నారంటే, అది మీ ఇంటి మాటే అయి ఉండొచ్చు. అక్కడ ఆగి, ‘మనకు కూడా ఇలా జరుగుతుందా?’ అని అడగండి.

ఎంపికకు ఒక పద్ధతి పెట్టుకోండి. ఒక వారం మీ వంతు, మరో వారం ఆయన వంతు, మూడో వారం ఇద్దరూ చూడనిది. వంతు వచ్చినవాళ్లు మూడు పేర్లు చెబితే, రెండోవాళ్లు అందులోంచి ఒకటి తీయాలి. ఇది పగలే తేల్చేయండి. రాత్రి రిమోట్ పట్టుకుని వెతకడం మొదలుపెడితే ముప్పావుగంట దానికే పోయి, చిరాకుతో సినిమా మొదలవుతుంది. నిడివి కూడా చూసుకోండి. పదింటికి పెట్టిన రెండున్నర గంటల సినిమా పన్నెండున్నరకు అయిపోతుంది, నిద్రమత్తులో మంచి మాట రాదు. అలాంటి రోజు చర్చ పొద్దున్నకు వాయిదా వేయండి. హింస లాంటివి భరించలేకపోతే అరగంట తర్వాత లేచిపోయే హక్కు ఇద్దరికీ ఉండాలి. ఒకరికి ప్రాణమని చెప్పి చూపించే సినిమాకు మాత్రం ఈ వెసులుబాటు వద్దు.

ఒక్క విషయం గమనించుకోండి. మీవారి ఎగతాళి సినిమాలతో ఆగుతోందా? మీ మాట, మీ దుస్తులు, మీ స్నేహితుల మీదకు, నలుగురి ముందుకు కూడా వస్తోందా? వస్తుంటే ఈ చిట్కాలు చాలవు. ఇద్దరూ కలిసి కౌన్సెలర్‌ను కలవండి.

మీ వైపునా ఒక బాకీ ఉంది. ఆ దర్శకుణ్ణి మీరు తిట్టింది ఆయన సినిమాలు నచ్చక కాదు, మీవారికి నొప్పి కలగాలని. ఆ మాటే చెప్పేయండి: ‘కోపంలో మిమ్మల్ని బాధపెట్టాలనే అలా అన్నాను, తప్పే.’ ఈ శనివారం ఆయనకిష్టమైన సినిమా పెట్టమని అడగండి. మీ సినిమాను మళ్లీ మొదటినుంచీ చూపించే ప్రయత్నం ఇప్పుడే వద్దు. అందులో మీరు ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసిన అయిదు నిమిషాల సీన్ ఒక్కటి వేసి, ఆ రోజుల్లో అది చూస్తూ మీరు ఏమనుకునేవారో చెప్పండి.