బయట కొన్న అలాయ్ వీల్స్ వేస్తే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: ఏడాది కిందట కారు కొన్నాను. కింది వేరియంట్ కావడంతో 15 అంగుళాల స్టీల్ వీల్స్, 185/65 టైర్లు వచ్చాయి. పై వేరియంట్‌కు కంపెనీ 16 అంగుళాల అలాయ్స్ ఇస్తోంది. నాకేమో బయట చూసిన 17 అంగుళాలవి బాగా నచ్చాయి. అవి వేస్తే వారంటీ మొత్తం పోతుందని సర్వీస్ సెంటర్ వాళ్లు అంటున్నారు. పోలీసులు చలానా రాస్తారని తమ్ముడు భయపెడుతున్నాడు. కంపెనీవే కొనాలా, బయటివి వేసుకోవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. వీల్ ఎవరు తయారు చేశారన్నది ఒకటి. దాని సైజు ఎంత అన్నది ఇంకొకటి. మీరు మొదటిదాని గురించి మథనపడుతున్నారు. చిక్కంతా రెండోదాంట్లో ఉంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చూడండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటితో సరిపోలకుండా పోయేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని అది చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే సమర్థించింది. అలాయ్స్ వేయడమే నేరమన్న ప్రచారం ఆ తీర్పు తర్వాత బాగా పెరిగింది. కానీ ‘మార్పు’ అంటే ఏమిటో అదే సెక్షన్ వివరణలో ఉంది: వాహన నిర్మాణంలో చేసినదై ఉండాలి, దానివల్ల వాహనం మౌలిక లక్షణం మారాలి. స్టీల్ వీల్ తీసి అదే సైజు అలాయ్ బిగిస్తే కారు మౌలిక లక్షణం మారిందని ఎవరైనా వాదించినా, ఆ వాదన నిలబడుతుందని నేను అనుకోను.

16 అంగుళాలకు వెళ్లినా మీకు ఒక ఆధారం ఉంటుంది. అదే మోడల్‌కు కంపెనీయే ఆ సైజు ఇస్తోంది కదా. ఓనర్ మాన్యువల్‌లో, డ్రైవర్ డోర్ పక్కన అంటించిన స్టిక్కర్‌లో ఏయే సైజులు రాశారో ఫొటో తీసి పెట్టుకోండి. మీ 185/65 ఆర్15 టైరు మొత్తం వ్యాసం దాదాపు 621.5 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 టైరుది దాదాపు 620.9. తేడా మిల్లీమీటరు కూడా లేదు. 205/50 ఆర్17 వేస్తే అది 637 దగ్గరికి, అంటే సుమారు రెండున్నర శాతం పైకి పోతుంది. అప్పుడు స్పీడోమీటర్ చూపించే వేగం కంటే కారు కొంచెం ఎక్కువ వేగంతో వెళ్తుంది. వీల్ ఆఫ్‌సెట్ (బిగించినప్పుడు వీల్ ఎంత లోపలికి, ఎంత బయటికి ఉంటుందన్న కొలత) కూడా తేడాగా ఉంటే టైరు ఫెండర్‌కు రాసుకుంటుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. ఆ సైజు మీ మోడల్‌లో ఏ వేరియంట్‌కూ లేకపోతే మీ చేతిలో కాగితం అంటూ ఏదీ ఉండదు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అందుకే 17 అంగుళాల ఆలోచన మానుకోమని గట్టిగా చెబుతున్నాను.

ఇక బయటి వీల్ ఎలాంటిదై ఉండాలి? వాహనాల వీల్ రిమ్ములకు 2020లో కేంద్రం నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. అందువల్ల ఐఎస్ఐ గుర్తు లేని రిమ్మును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. గుర్తుతో పాటు ఉండే సీఎం/ఎల్ (లైసెన్సు) నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే లైసెన్సు ఎవరిదో తెలిసిపోతుంది.

మీరు అడగలేదు గానీ, నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇన్సూరెన్స్. కారు కొన్నాక బయట బిగించినవాటిని పాలసీలో రాయించకపోతే, అవి పోయినా పగిలినా వాటి విలువ చేతికి రాదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. యాక్సిడెంట్ జరిగాక నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చి, మార్చిన వీల్ వల్లే కారు అదుపు తప్పిందని రాస్తే మీ సొంత నష్టం క్లెయిము చిక్కుల్లో పడుతుంది. జరిగిన నష్టానికీ వీల్‌కూ సంబంధం లేకపోతే మాత్రం వదిలిపెట్టకుండా పోరాడండి. ట్యాక్సీగా వాడారన్న కారణంతో ఒక కారు దొంగతనం క్లెయిమును బీమా కంపెనీ తోసిపుచ్చితే, ఆ ఉల్లంఘనకూ దొంగతనానికీ సంబంధం లేదంటూ 75 శాతం ఇవ్వాలన్న ఆదేశాన్ని 2008లో సుప్రీంకోర్టు సమర్థించింది. మీ కారు వల్ల మూడో వ్యక్తి గాయపడితే, వీల్ మార్చారన్న ఒక్క కారణం చూపి అతని పరిహారాన్ని ఎగ్గొట్టడం బీమా కంపెనీకి సులువు కాదు. మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్‌లో బీమా కంపెనీకి ఇచ్చిన వాదనలు కొన్నే. అయితే ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్నది వాటిలో ఒకటి. కాబట్టి వీల్స్ మార్చిన వారంలోనే బీమా కంపెనీకి ఈమెయిల్ పెట్టి ఎండార్స్‌మెంట్ (ఆ మార్పును పాలసీలో చేర్చినట్టు రాసిచ్చే కాగితం) అడగండి. రెన్యువల్ అప్పుడు కూడా తప్పకుండా చెప్పండి.

వారంటీ మొత్తం పోతుందన్న మాటను నోటిమాటగా వదిలేయకండి. ఏ షరతు కింద పోతుందో రాసివ్వమని అడగండి. వీల్ మార్చినందుకు సస్పెన్షన్, బేరింగుల మీద వారంటీ నిరాకరిస్తే అందులో అర్థం ఉండొచ్చు. ఏసీ చెడిపోతే కూడా వీల్‌నే సాకు చూపడం అన్యాయం. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టొద్దని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు చెప్పింది. బయటి పని వల్ల జరిగిన నష్టం వరకే వారంటీని మినహాయించుకోవచ్చంది. ఆ ఆదేశం అప్పీళ్లకు వెళ్లింది, పైగా అది వీల్స్ గురించి చెప్పింది కాదు. అయినా మీ వాదనకు దారి చూపుతుంది. అన్యాయంగా నిరాకరిస్తే 2 ఏళ్లలోపు మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు.

చివరగా బిల్లు సంగతి. వీల్ పగిలిందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో బిల్లు ఉండదు. బిల్లు లేకపోతే అమ్మినవాడి మీద కేసు నిలబెట్టడం చాలా కష్టం. మీ బిల్లు మీద వీల్ సైజు, తయారీదారు పేరు, లైసెన్సు నంబరు రాయించుకోండి. పాత స్టీల్ వీల్స్‌ను ఎక్స్ఛేంజిలో ఇచ్చేయకండి. రేపు అధికారి అభ్యంతరం చెప్పినా, సర్వీస్ సెంటర్‌తో గొడవ వచ్చినా, అవి తిరిగి బిగించి చూపించగలగాలి.