జమ్‌జమ్ సీసా, బియ్యం డబ్బా పక్కన

ప్రశ్న: నాకు 62 ఏళ్లు, నల్లకుంటలో ఉంటాను. కోఠి ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ కలిసి చదువుకున్న స్నేహితురాళ్లం ముగ్గురం ఇప్పటికీ కలుస్తుంటాం. ఒకామెది మలక్‌పేట, ఇంకొకామెది బొల్లారం. ఆరేళ్ల కిందట మా అత్తయ్యకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి నేను ఇల్లు కదల్లేను. ప్రతి నెలా మొదటి శనివారం వాళ్లే మా ఇంటికి వస్తారు. మరిది కూకట్‌పల్లిలో, ఆడపడుచు వరంగల్‌లో ఉంటారు. పండక్కి వచ్చి చూసి, "నువ్వున్నావు కాబట్టి మాకు బెంగ లేదు వదినా" అని వెళ్లిపోతారు. బొల్లారం స్నేహితురాలు జెరూసలేం చూసొచ్చింది. బెత్లెహేము నుంచి ఆమె తెచ్చిన ఆలివ్ చెక్క బొమ్మను షోకేసులో పెట్టుకున్నాను. మలక్‌పేట ఆమె భర్త పోయి ఏళ్లయింది. మగతోడు లేక చాలాకాలం ఆగి, చివరికి మరో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి హజ్ చేసొచ్చింది. మావారు ఉన్నప్పటి నుంచీ నాకు కాశీ వెళ్లాలని. వెళ్లలేదు. వాళ్ల కబుర్లు వింటుంటే ఈమధ్య కడుపులో మంటగా ఉంటోంది. గొప్ప చూపించుకోవడానికే చెబుతున్నారేమో అనిపిస్తోంది. మొన్నామధ్య మలక్‌పేట ఆమె "అరఫాత్ మైదానంలో నీ పేరు, అత్తయ్య పేరు చెప్పి దువా చేశానే" అంది. "పేరు చెప్పావు సరే, నా బదులు ఒక్క రాత్రి మేలుకున్నావా?" అనేశాను. ఏమీ అనలేదు. మక్కా నుంచి తెచ్చిన పవిత్రమైన జమ్‌జమ్ నీళ్ల సీసా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. రెండు నెలలైంది, ఫోన్ లేదు. ఆ సీసాను దేవుడి గదిలో పెట్టాలో వద్దో తెలియక బియ్యం డబ్బా పక్కన పెట్టాను. మా అక్క "మనకెందుకవి, మొక్కకు పోసెయ్" అంటోంది. నేను చెడ్డదాన్నయిపోతున్నానా?

జవాబు: మీరు ఆమెను అడిగిన ప్రశ్నలో తప్పేం లేదండీ. ఆరేళ్లుగా ఎవరో ఒకరిని అడగాల్సిన ప్రశ్నే అది. కాకపోతే కూకట్‌పల్లికి వెళ్లాల్సింది మలక్‌పేటకు వెళ్లింది.

ఇలా ఎందుకు జరుగుతుందో కొంత ఊహించగలను. మరిదిని అడిగితే ఆయన ముఖం మాడుతుంది, ఆడపడుచు మాట్లాడటం మానేస్తుంది, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. స్నేహితురాలైతే పడుతుంది. పడేవాళ్ల మీదే మనకు నోరు లేస్తుంది. అందుకని మిమ్మల్ని చెడ్డవారనను. ఆమెకు తగిలిన దెబ్బ మాత్రం చిన్నది కాదు.

మీ ఉత్తరంలో ఒక చోట ఆగిపోయాను. ఆరేళ్లుగా మొదటి శనివారం వాళ్లే వస్తున్నారు. మలక్‌పేట సరే, బొల్లారం నుంచి నల్లకుంటకు ఆ ట్రాఫిక్‌లో పడి రావడమంటే మాటలా? ఈ విషయాన్ని మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. వాళ్ల ప్రయాణాల్లో జెరూసలేం, మక్కా మీకు కనబడ్డాయి గానీ మీ వీధి కనబడలేదు.

గొప్ప చూపించుకోవడానికే ఆ కబుర్లు చెబుతున్నారేమో అని కూడా రాశారు. కావచ్చు, ఆ పాలు కొంత ఎవరికైనా ఉంటుంది. కానీ దూరం వెళ్లొచ్చిన మనిషికి చెప్పుకోవడానికి తనవాళ్లు ఒకరు కావాలి. 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. దారిలో మన హైదరాబాదు మీదుగానే వెళ్లారు. తిరిగి రావడానికి పదిహేను నెలలు పట్టింది. దారి పొడుగునా చూసినవన్నీ ఇంటి దగ్గర ఉండిపోయిన తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపారు. ఆ పిళ్ళైగారే 1838లో వాటిని 'కాశీయాత్ర చరిత్ర' పుస్తకంగా అచ్చు వేయించారు. వినేవాడు ఇంటి పట్టున లేకపోతే మన కాశీయాత్ర చరిత్ర ఎవరికి రాసేవారో! మీ ఇద్దరు స్నేహితురాళ్లకీ ఆ పిళ్ళైగారు మీరే.

ఇక సీసా సంగతి. హజ్ నుంచి వచ్చేటప్పుడు ఒక్కొక్కరికీ ఐదు లీటర్ల జమ్‌జమ్ ఇస్తారు. వచ్చాక అడిగేవాళ్లు బోలెడుమంది. పిల్లలు, చుట్టాలు, పక్కింటివాళ్లు, ఒంట్లో బాగాలేనివాళ్లు, అందరికీ కొద్దికొద్దిగా పంచుతారు. ఆ ఐదు లీటర్లలోంచి మీకో సీసా పక్కన పెట్టారామె. మీ అక్కగారితో వాదన పెట్టుకోకండి. కాశీ నుంచి గంగ చెంబు తెచ్చి, సమారాధన చేసి, నలుగురినీ పిలిచి పంచుకోవడం ఆవిడకు తెలియనిది కాదు, అది గుర్తు చేస్తే చాలు. దేవుడి గదిలో పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. బొల్లారం ఆమె బెత్లెహేము నుంచి తెచ్చిన ఆలివ్ చెక్క బొమ్మ షోకేసులో పెట్టుకున్నానని రాశారు కదా, ఇదీ అక్కడే ఉండనివ్వండి. మొక్కకు మాత్రం పోయకండి.

ఆ నీళ్ల కథ మీకు చెప్పే ఉంటారు. ఎడారిలో పసిబిడ్డ ఇస్మాయీల్ దాహంతో ఏడుస్తుంటే తల్లి హాజిరా సఫా గుట్టకూ మర్వా గుట్టకూ మధ్య ఏడుసార్లు పరిగెత్తింది. ఆ తర్వాతే ఊట పుట్టిందంటారు. హజ్‌కు వెళ్లినవాళ్లు ఆమెను తలుచుకుంటూ ఆ ఏడుసార్లూ నడుస్తారు, అంతా కలిపితే మూడు కిలోమీటర్ల పైమాటే. బొల్లారం ఆమెను అడిగి చూడండి, హాగరు పేరుతో ఈ తల్లీబిడ్డలు బైబిల్లోనూ ఉన్నారు. వంటింటికీ మంచానికీ మధ్య తిరిగే మీకు ఈవిడ పరాయిదిగా అనిపించకపోవచ్చు. అలాగని "సేవే యాత్ర, అత్తయ్య మంచమే కాశీ" అని మాత్రం నేననను. ఆ మాట ఇప్పటికే చాలామంది మీతో అని ఉంటారు. అనేవాళ్లంతా రాత్రిళ్లు హాయిగా నిద్రపోయేవాళ్లే.

మీకు కావాల్సింది నిద్ర. ఆ తర్వాత కాశీ.

మరిదిగారితో "నాకు చాలా కష్టంగా ఉంది" అనకండి. "అయ్యో వదినా" అంటారు, అక్కడితో అయిపోతుంది. తారీఖులు చెప్పండి. "వచ్చే నెల రెండో శనివారం, నాలుగో శనివారం రాత్రి అమ్మ దగ్గర నువ్వు పడుకోవాలి. ఎండలు తగ్గాక ఎనిమిది రోజులు నేను ఊళ్లో ఉండను, ఆ ఎనిమిదీ నువ్వూ చెల్లెలూ పంచుకోండి" అని చెప్పి ఊరుకోండి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని మీరు నింపొద్దు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లలుగా లెక్కించినవాళ్లలో కొడుకూ కూతురూ ఉన్నారు, కోడలు లేదు. కోర్టుకు వెళ్లమని కాదు. ఇకమీదట బతిమాలే గొంతుతో అడగొద్దని చెబుతున్నాను. మనిషిని పెట్టుకుంటానంటే ఆ జీతం వాళ్లిద్దరూ ఇవ్వాలి. పెద్దవాళ్ల విషయంలో సలహా కావాలంటే 14567కి ఫోన్ చేయొచ్చు, ఉచితం.

ఆ రెండు రాత్రుల్లో మొదటిది మీరూ ఇంట్లోనే ఉండి పని నేర్పించండి. రెండు గంటలకోసారి పక్క మార్చాలని, తినిపించేటప్పుడు తలవైపు ఎత్తి కూర్చోబెట్టాలని, మందుల వేళలని కాగితం మీద రాసి గోడకు అంటించండి. రెండో రాత్రి బొల్లారం వెళ్లి పడుకోండి. కాశీకి విమానం వద్దనుకుంటే మన ఊరి నుంచి దానాపూర్ రైలుంది, మొఘల్‌సరాయ్‌లో దిగితే కాశీ దగ్గరే. ఆ స్టేషన్ పేరు ఇప్పుడు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ, టికెట్ తీసేటప్పుడు కంగారు పడకండి.

మలక్‌పేటకు ఫోన్ ఈ రోజే చేయండి. అత్తయ్య, నిద్రలేమి, టెన్షన్, ఇవేవీ మొదట ఎత్తకండి. కారణం ముందు చెబితే క్షమాపణ కాస్తా వాదనలా వినబడుతుంది. "ఆ రోజు నేనన్నది నిన్ను అనాల్సిన మాట కాదే, తప్పు నాదే" అని ఆగండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. ఇంకా ఏం మాట్లాడాలో తోచకపోతే, "నువ్విచ్చిన నీళ్లు ఇంకా తాగలేదు, ఎలా తాగాలో నాకు తెలీదు, నువ్వొచ్చి పోసివ్వు" అనండి. అత్తయ్యకూ ఒక చెంచా పోస్తానంటారేమో. ఆవిడకు నీళ్లు మింగడం కష్టమైతే పెదాలు తడిపితే చాలని ముందే చెప్పండి.