పావురాల దగ్గర మొదలుపెట్టు

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. ఫ్రెంచి విప్లవం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. నీ వచనంలో పరుగు ఉంది, శ్రద్ధగా చదువుకున్నావని తెలుస్తోంది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "రూసో, వోల్టేర్ రాతలు ప్రజలను మేల్కొలిపాయి, ప్రజలు పారిస్ కోట జైలు బాస్టీల్‌ని కూల్చారు" అన్నావు. ఆ కామా దగ్గర కొన్ని దశాబ్దాలు మాయమైపోయాయమ్మా. ఈ ఉత్తరం ఆ కామా గురించే.

నీ వయసులో నేనూ అలాగే రాశాను. వ్యాసం తిరిగొచ్చింది. మార్జిన్‌లో సంపాదకుడు రెండే ప్రశ్నలు రాశారు: "ఎవరు చదివారు? ఎక్కడ కొన్నారు?" జవాబులు వెతుక్కోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నీకు అంత కాలం పట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను.

తత్వవేత్త రూసో రాసిన 'సామాజిక ఒడంబడిక' 1762లో వచ్చింది. మనిషి స్వేచ్ఛగా పుడతాడు, కానీ అంతటా సంకెళ్లలోనే ఉన్నాడు అన్న మాట అందులోదే. అధికారం రాజుకు దేవుడిచ్చింది కాదు, జనం కలిసి చేసుకున్న ఒప్పందం నుంచి పుట్టింది అని ఆ పుస్తకం వాదించింది. ఆయన పుట్టిన జెనీవాలోనే దాన్ని తగలబెట్టారు. ఇంత పేరున్న పుస్తకం ఇంటింటా ఉండేదనుకుంటాం. డానియల్ మోర్నే అనే పరిశోధకుడు ఆ కాలపు 500 సొంత గ్రంథాలయాల జాబితాలు తిరగేసి 1910లో ఫలితం ప్రకటించాడు. ఆ పుస్తకం ఒకే ఒక్క జాబితాలో దొరికింది. తర్వాతి చరిత్రకారులు ఆయన లెక్కకు అభ్యంతరాలు చెప్పారు. నిషేధించిన పుస్తకాన్ని జాబితాలో ఎవరు చూపిస్తారన్నది అందులో ఒకటి. అయినా ఆ ఒక్క అంకె చూశాక "ప్రజలు రూసోను చదివి లేచారు" అని నేను మళ్లీ రాయలేకపోయాను.

మరి ఆలోచన ఎలా నడిచింది? మనుషుల వీపుల మీద నడిచింది, నిజంగానే. ఫ్రాన్స్‌లో అచ్చు వేయలేని పుస్తకాలను సరిహద్దు అవతల నూషాటెల్ లాంటి ఊళ్లలో అచ్చు వేసేవారు. కూలీలు ఆ మూటలు వీపున కట్టుకుని జూరా కొండలు దాటేవారు, పట్టుబడితే శిక్ష తప్పదని తెలిసీ. పుస్తకాల వ్యాపారుల భాషలో ఈ దొంగ సరుకు పేరు 'తాత్విక పుస్తకాలు'. ఆ పేరు కింద రూసో ఉండేవాడు, రాజు ఉంపుడుగత్తెల మీద రాసిన బూతు కథలూ ఉండేవి. గౌరవంగా ఉండదని ఈ రెండోదాన్ని దాచకు. రాజు మీద భయం పోవడంలో దానికీ పాత్ర ఉంది.

ఇంకొకరి గురించి తప్పకుండా రాయాలి. మాల్‌జెర్బ్ అని, రాజు తరఫున పుస్తకాల మీద నిఘా పెట్టే అధికారి. డిడెరో నడిపిన విజ్ఞాన సర్వస్వాన్ని 1752లో నిషేధించి, రాతప్రతులు జప్తు చేయమని ఆదేశం వచ్చింది. ఆ ఆదేశం అమలు చేయాల్సింది మాల్‌జెర్బే. ఆయన ముందే డిడెరోకి కబురు పంపాడు. ఇంత తక్కువ టైములో కాగితాలన్నీ ఎక్కడ దాచను అని డిడెరో కంగారుపడితే, మా ఇంటికి పంపించెయ్యి, అక్కడ ఎవరూ వెతకరు అన్నాడట. ఇది డిడెరో కూతురు రాసి పెట్టిన జ్ఞాపకం. అదే మాల్‌జెర్బ్ ముసలితనంలో, విప్లవకారులు విచారణకు నిలబెట్టిన పదహారో లూయీ రాజు తరఫున న్యాయవాదిగా నిలబడ్డాడు. 1794లో విప్లవ ప్రభుత్వం ఆయన్నీ, ఆయన కూతుర్నీ, మనవరాల్నీ తల నరికే యంత్రం గిలటిన్ ఎక్కించింది. ఈ మనిషిని ఏ పక్షాన పెడతావు? నేను ఏ పక్షానా పెట్టలేను. అందుకే ఆయన నీ వ్యాసంలో ఉండాలి.

ఇక రొట్టె సంగతి. నీ వ్యాసంలో ఆకలికి ఒకే ఒక్క లైను దక్కింది. 1775 వసంతంలో ఏం జరిగిందో చూడు. టుర్గో అనే ఆయన ఆర్థిక మంత్రి. తత్వవేత్తల మిత్రుడు, డిడెరో విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు రాసినవాడు. ధాన్యం వ్యాపారం మీద ఆంక్షలు తీసేయడమే హేతుబద్ధం అని నమ్మి 1774లో తీసేశాడు. ఆ ఏడాది పంట పోయింది, ధర పెరిగింది, పారిస్ చుట్టుపక్కల జనం సంతల మీద పడ్డారు. దాన్ని 'పిండి యుద్ధం' అంటారు. సైన్యం వచ్చింది, ఇద్దరిని ఉరితీశారు, అల్లరి అణిగిపోయింది. హేతువు పేరుతో తీసుకున్న నిర్ణయం పేదవాడి రొట్టెను అందకుండా చేసిన సందర్భం ఇది. తత్వవేత్తల మీద ప్రేమతో రాసేవాళ్లు దీన్ని దాటేస్తారు. నువ్వు దాటెయ్యకు.

1788 జూలైలో వడగళ్లు పంటను నేలమట్టం చేశాయి. పారిస్‌లో నాలుగు పౌండ్ల రొట్టె ధర 8, 9 సూల (సూ అప్పటి చిల్లర నాణెం) నుంచి 1789 ఫిబ్రవరికల్లా 14న్నర సూలకు చేరింది. రోజుకు 20, 30 సూలు సంపాదించే కూలీ ఇంట్లో ఆ లెక్క ఎలా ఉంటుందో నువ్వే వేసి చూడు. ఆకలి 1775లోనూ ఉంది, 1789లోనూ ఉంది. మొదటిసారి అల్లరిగా ముగిసింది, రెండోసారి రాజ్యమే మారింది. ఎందుకు? ఖజానా దివాలా తీయడం ఒక కారణం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసిన అప్పు కూడా అందులో ఉంది. కొత్త పన్నుల కోసం రాజు 175 ఏళ్ల తర్వాత మతగురువులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల సభ ఎస్టేట్స్ జనరల్‌ని పిలవక తప్పలేదు. ఊరూరా ఫిర్యాదులు రాసి పంపమన్నాడు.

నా దృష్టిలో ఈ కథకు గుండెకాయ ఆ ఫిర్యాదు పత్రాలే. వేల గ్రామాల నుంచి వచ్చాయి. వాటిలో రూసో పేరు ఎక్కడో తప్ప కనిపించదు. కనిపించేది ఉప్పు పన్ను. కొన్ని ప్రాంతాల్లో అవసరం ఉన్నా లేకపోయినా ఇంత ఉప్పు ప్రభుత్వం చెప్పిన ధరకు కొని తీరాలి. ఇంకా కనిపించేవి పావురాలు. జమీందారు గూళ్లలో పెంచే పావురాలు రైతు చల్లిన విత్తనాలు తినేసేవి, రైతు వాటిని చంపడానికి వీల్లేదు. ఇదే 1789లో జనవరికల్లా సియేస్ అనే మతగురువు ఒక చిన్న పుస్తకం అచ్చు వేశాడు. మూడో వర్గం అంటే ఏమిటి? సర్వస్వం. ఇప్పటిదాకా రాజకీయాల్లో దాని స్థానం? శూన్యం. అది కోరుతున్నది? ఏదో ఒక స్థానం. అంతే. లాక్, మాంటెస్క్యూ, రూసో లాంటి తత్వవేత్తలు పుస్తకాల నిండా వాదించిన సంగతి మూడు ప్రశ్నల్లోకి దిగింది. చదువు రానివాడు కూడా ఒక్కసారి వింటే ఇంకొకరికి చెప్పగలడు. పావురాల మీద ఉన్న మొర ఇక్కడే హక్కుగా మారింది. అంతకుముందు రైతు దయ చూపించమని అడిగేవాడు.

జూలై 14న జనం బాస్టీల్‌కి వెళ్లింది తుపాకీ మందు కోసం. లోపల ఉన్న ఖైదీలు ఏడుగురే. దీని మీద ఇప్పటికే చాలామంది రాశారు, నువ్వు రెండు వాక్యాల్లో ముగించు. ఆగస్టు దగ్గర ఆగు. ఆగస్టు 4 రాత్రి, అప్పటికి జాతీయ సభగా మారిన ఆ ఎస్టేట్స్ జనరల్ జమీందారీ హక్కులు రద్దు చేస్తానంది. ఆ శాసనంలో రెండో అధికరణమే పావురాల గూళ్ల గురించి. మూడు వారాల తర్వాత, ఆగస్టు 26న, అదే సభ మానవ హక్కుల ప్రకటన ఆమోదించింది. మనుషులు స్వేచ్ఛగా, సమాన హక్కులతో పుడతారు, అలాగే ఉంటారు అని మొదటి అధికరణం. అధికారాల విభజన లేని సమాజానికి రాజ్యాంగమే లేనట్టు అని పదహారోది. అది నేరుగా మాంటెస్క్యూ నుంచి నడిచొచ్చిన మాట. పావురాలూ తత్వమూ ఒకే బల్ల మీద ఉన్నాయి, చూశావా?

'మనుషులు' అన్న మాట దగ్గర కూడా నిలబడు. అక్టోబర్‌లో వానలో తడుస్తూ, రాజభవనం ఉన్న వెర్సాయ్‌కి నడిచి వెళ్లి రాజును పారిస్‌కి తీసుకొచ్చింది ఆడవాళ్లు. వాళ్లకు ఓటు లేదు. ఒలాంప్ ద గూజ్ 1791లో స్త్రీ హక్కుల ప్రకటన రాసి, ఉరికంబం ఎక్కే హక్కు ఆడదానికి ఉన్నప్పుడు సభావేదిక ఎక్కే హక్కూ ఉండాలి అంది. 1793 నవంబర్‌లో ఆమెను గిలటిన్‌కి పంపారు. సముద్రం అవతల ఫ్రాన్స్ వలస సాన్ దొమాంగ్ చెరకు తోటల్లో బానిసలు 1791లో తిరగబడి, చివరికి 1804లో హైతీ అనే స్వతంత్ర దేశం నిలబెట్టుకున్నారు. మానవ హక్కుల ప్రకటనను అక్షరాలా నమ్మినవాళ్లు వీళ్లే. నీ వ్యాసంలో వీళ్ల పేర్లు లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

చివరి పేజీలో మన రాజ్యాంగ పీఠిక ప్రస్తావన తెచ్చి, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం పారిస్ నుంచి వచ్చాయని రాశావు. అంబేడ్కర్ 1954లో రేడియోలో మాట్లాడుతూ, ఈ మూడూ తాను ఫ్రెంచి విప్లవం నుంచి తీసుకోలేదనీ, తన గురువు బుద్ధుడి నుంచి తీసుకున్నాననీ స్పష్టంగా చెప్పారు. ఆ పేరా కొట్టెయ్యి, లేదా ఆయన మాటతో కలిపి మళ్లీ రాయి.

ఇప్పుడున్న మొదటి రెండు పేజీలు పక్కన పెట్టు. విత్తనాలు చల్లిన పొలం, పైన పావురాలు, గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డ రైతు. అక్కణ్నుంచి మొదలుపెట్టి సియేస్ దాకా రాసి పంపు. తొందరేం లేదు, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెచ్చినా సరే, కూర్చుని కలిసి చదువుదాం.

ప్రేమతో,
మీ అత్త